విస్కామా, జర్నలిజమా, ఫిల్మ్ స్కూలా: తిరుపతి వైపు పిల్లలకి మీడియా చదువు

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. పుత్తూరు నుంచి ఒకరు, పీలేరు నుంచి ఒకరు, పలమనేరు నుంచి ఇంకొకరు. "అన్నా, మావాడు పొద్దస్తమానం ఫోన్లో వీడియోలు కట్ చేసుకుంటా కూర్చుంటాడు. ఇంజినీరింగ్ వద్దంటాడు. మీడియా కోర్సంట, ఎక్కడ చేర్పించేది?" నేను తిరుపతిలో పన్నెండేళ్ళుగా వీడియో పనిలో ఉన్నాను. పెళ్ళిళ్ళతో మొదలుపెట్టి ఇప్పుడు చిన్న డాక్యుమెంటరీలు, ఉత్సవాల లైవ్, కాలేజీల ప్రచార వీడియోలు చేస్తుంటాను. అంతకుముందు మీడియా చదువే చదివాను. అందుకే అడుగుతారు. ఫోన్లో ఐదు నిమిషాల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. కోర్సు పేరు చూసి చేరకండి, ప్రాస్పెక్టస్‌లో కెమెరాల ఫొటోలు చూసి అసలే చేరకండి. మీరు చేసిన పనిని పక్కన కూర్చుని చూసి, "ఇక్కడ తప్పింది, మళ్ళీ చేసుకుని రా" అని తిప్పి పంపేవాళ్ళు ఎక్కడున్నారో కనుక్కుని అక్కడ చేరండి. బటన్లు ఎక్కడున్నాయో నేర్పే వీడియోలు తెలుగులోనే ఊరికే దొరుకుతున్నాయి. మన పని చూసేవాళ్ళు మాత్రం ఊరికే దొరకరు.

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం పోయిన మే నెలలో జరిగిన ఒక సంగతి. మా అక్క కూతురు గంగమ్మ జాతరని ఫోన్లో షూట్ చేసుకొచ్చింది. జాతరలో మొక్కుగా కట్టే వేషాల్లో ఒకటైన తోటి వేషం రోజు. తాతయ్యగుంట గుడి పక్క సందులో ఒకాయన ఒళ్ళంతా బొగ్గు పూసుకుని, వేపమండలు కట్టుకుని నిలబడ్డాడు. వెనక సున్నం కొట్టిన గోడ. మిట్టమధ్యాహ్నం ఎండ. వెలుతురు సంగతి ఫోన్‌కే వదిలేసింది పిల్ల. ఆయన ముందుకొస్తే గోడంతా తెల్లగా కాలిపోతుంది, ఆయన పక్కకి జరిగితే గోడ బాగుంటుంది గానీ మొహం నల్ల ముద్ద. నడిచినప్పుడల్లా ఫ్రేమ్ వెలిగి ఆరుతుంది. "మామా, ఇదేంది ఇట్టొచ్చింది?" అంది. స్క్రీన్ మీద ఆయన మొహం ఉన్నచోట వేలు నొక్కి పట్టి వెలుతురు లాక్ చేసుకోవాలని, ఆ తర్వాత దాన్ని కొంచెం కిందికి తగ్గించుకోవాలని చూపించాను. డప్పుల శబ్దం పగిలిపోయింది. రికార్డింగ్ మీటర్లో లెవెల్ ఎరుపులోకి పోయిన శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేర్ పూర్తిగా వెనక్కి తేలేదు, అదీ చెప్పాను.

అసలు విషయం ఆ తర్వాత వచ్చింది. ఒక ముసలామెతో మాట్లాడించింది. "మా మామ కట్నాడు ఈ యేసం, మా ఇంటాయన కట్నాడు, ఇప్పుడు నా మనవడు కడతా ఉండాడు" అని ఆమె ఆగింది. పక్కకి చూసింది. నాలుగు సెకన్లు. తర్వాత ఇంకేదో మొదలుపెట్టింది. మా పిల్ల ఆ నాలుగు సెకన్లు కోసేసింది. "ఎందుకు కోసినావు?" అంటే "ఏం మాట్లాళ్ళేదు కదా మామా" అంది. ఆ ముక్క మళ్ళీ అతికించి చూపించాను. ఇద్దరం ఏమీ మాట్లాడకుండా మూడుసార్లు చూశాం. మూడు నిమిషాల వీడియోకి రెండు గంటలు కూర్చున్నాం. ఆ రెండు గంటలే మీడియా చదువంటే. మీరు కట్టే ఫీజు అలాంటి గంటల కోసమే కట్టాలి.

నేను చదివినచోట అవి లేవు. ఊరు, కాలేజీ పేరు వద్దు. అడ్మిషన్ రోజు అద్దాల బీరువాలో రెండు మంచి కెమెరాలు చూపించారు. మా నాయన మురిసిపోయాడు. ఆ బీరువా తాళం ఒక్కరి దగ్గరే ఉండేది, ఆయన ఎప్పుడూ వేరే బిల్డింగ్‌లో ఉండేవాడు. మూడో సెమిస్టర్‌లో మొదటిసారి కెమెరా చేతికిచ్చారు, అదీ నలభై నిమిషాలు, పదహారు మందికి కలిపి. ప్రాజెక్టులకి మార్కులు వేశారు గానీ ఎందుకు వేశారో ఒక్క మాట రాయలేదు. డిగ్రీ చేతికొచ్చాక తిరుపతిలో పెళ్ళిళ్ళు తీసే ఒకాయన దగ్గర చేరాను. ఆల్బమ్ డిజైన్ దగ్గర్నుంచి ఆయన తిట్టి తిట్టి నేర్పించాడు.

ఇక పేర్ల సంగతి. జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్, విజువల్ కమ్యూనికేషన్, ఫిల్మ్ అండ్ టెలివిజన్, మల్టీమీడియా: వినడానికి అన్నీ ఒకేలా ఉంటాయి. మామూలు మంగళవారం పదకొండు గంటలకి ఆ పిల్లో పిల్లాడో ఏం చేస్తుంటారో ఊహించుకుంటే తేడా తెలుస్తుంది. జర్నలిజం అయితే వార్త రాస్తుంటారు, కలెక్టరాఫీసు ప్రెస్‌నోట్‌లో అసలు సంగతి ఏ పేరాలో దాగుందో వెతుకుతుంటారు, మీడియా చట్టాలు చదువుతుంటారు. మాస్ కమ్యూనికేషన్ అయితే సిద్ధాంతాలు, పరిశోధన, పబ్లిక్ రిలేషన్స్, ప్రకటనలు, వాటితోపాటు కొంచెం రేడియో, కొంచెం వీడియో. విజువల్ కమ్యూనికేషన్ అంటే మద్రాసు వైపు అందరూ విస్కామ్ అనేది. బొమ్మ గీయడం, ఫొటోగ్రఫీ, డిజైన్, షార్ట్ ఫిల్మ్ అన్నీ రుచి చూపిస్తుంది. ఫిల్మ్ స్కూల్ అయితే ఒక్క పనే: కెమెరా తీసుకుంటే కెమెరా, సౌండ్ తీసుకుంటే సౌండ్. మల్టీమీడియా ఎక్కువగా కంప్యూటర్ ముందే గడుస్తుంది, యానిమేషన్, గ్రాఫిక్స్. పదిహేడేళ్ళ వయసులో ఏది కావాలో తేలని పిల్లలకి విస్కామ్ మంచిది, తేలినవాళ్ళకి కాదు. తేలినవాళ్ళు మూడేళ్ళు అన్నీ రుచి చూస్తూ కూర్చుంటే విసిగిపోతారు.

ఊళ్ళోనే ఉండి చదవాలంటే ముందు గుర్తొచ్చేది శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం. 1983లో ఆడపిల్లల కోసమే పెట్టిన యూనివర్సిటీ అది, కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం విభాగం ఉంది. ఎం.ఎ.కి డిగ్రీ ఏదైనా పరవాలేదు, రాష్ట్ర యూనివర్సిటీల పీజీ సీట్లకి దారి ఏపీ పీజీసెట్ ప్రవేశ పరీక్ష. నా సలహా ఆడపిల్లలున్న ఇళ్ళకి ఇలా ఉంటుంది: డిగ్రీ తిరుపతిలోనే తెలుగో, ఎకనామిక్సో, పొలిటికల్ సైన్సో గట్టిగా చదివించండి, తర్వాత జర్నలిజం పీజీకి పంపండి. ప్రపంచం గురించి ఏమీ తెలియకుండా వార్త రాయడం మాత్రమే నేర్చుకున్న పిల్ల కంటే, బడ్జెట్ పుస్తకం తెరిచి చదవగలిగిన పిల్ల పత్రికల డెస్క్‌లో ముందుకు పోతుంది. ఖర్చు తక్కువ, హాస్టల్ అక్కర్లేదు. మగపిల్లలు పీజీకి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, గుంటూరు దగ్గర నాగార్జున యూనివర్సిటీ చూసుకోవచ్చు. రెండుచోట్లా జర్నలిజం విభాగాలున్నాయి.

తిరుపతిలో చదివితే ఇంకో లాభం ఉంది, దాన్ని మనవాళ్ళు లెక్కలోకే తీసుకోరు. ఈ ఊళ్ళో షూటింగ్ జరగని నెల లేదు. టీటీడీ ఛానల్ ఎస్వీబీసీ 2008 నుంచి ఇక్కడి నుంచే నడుస్తోంది. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రాత్రి లైవ్ ఒక్కసారి శ్రద్ధగా చూడండి, శబ్దం ఆపేసి. ఏ కెమెరా నుంచి ఏ కెమెరాకి మారుతున్నారు, జనం మొహాల మీద ఎంతసేపు ఉంచుతున్నారు, వాహనం మలుపు తిరిగేటప్పుడు ఏ షాట్ వాడుతున్నారు అని కాగితం మీద రాసుకోండి. లైవ్‌లో మళ్ళీ తీద్దాం అన్న మాటే ఉండదు. ఆకాశవాణి తిరుపతి కేంద్రం ఉంది. గొంతు, ఉచ్చారణ బాగున్న పిల్లలు క్యాజువల్ అనౌన్సర్ల ఆడిషన్ ప్రకటన పడినప్పుడు వదులుకోకూడదు. ఒక హెచ్చరిక కూడా: కొత్త ఉత్సాహంతో కొండమీద డ్రోన్ ఎగరేయకండి, అక్కడ అనుమతి లేదు. గుడి లోపలికి ఫోన్ కూడా పోదు. అనుమతి కాగితం లేకుండా ఎక్కడ ఏం తీయకూడదో తెలుసుకోవడమూ ఈ చదువులో భాగమే.

మరి ఊళ్ళో లేనిది ఏమిటి? ఇంటర్ అవగానే నేరుగా కెమెరా, ఎడిటింగ్ పట్టించే డిగ్రీలకి పిల్లలు ఎక్కువగా మద్రాసే పోతున్నారు. చిత్తూరు, నగరి, పుత్తూరు పిల్లలకి అది పరాయి ఊరు కాదు, రైల్లో మూడు, మూడున్నర గంటల్లోపే. ఒకప్పుడు తెలుగు సినిమా అంతా కోడంబాక్కం చుట్టూనే తయారైంది. లయోలా కాలేజీ విస్కామ్‌కి చాలా కాలంగా పేరుంది. అన్నా యూనివర్సిటీ ఆవరణలో 2004 ఫిబ్రవరిలో మొదలైన అన్నా ఎఫ్ఎం దేశంలో మొదటి క్యాంపస్ కమ్యూనిటీ రేడియో. తరమణిలో తమిళనాడు ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమా పనులకి విడివిడిగా నాలుగేళ్ళ డిగ్రీలున్నాయి, కాకపోతే మన రాష్ట్రం పిల్లలకి అవకాశం ఎంతో ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో చూసుకునే ఆశ పెట్టుకోవాలి.

మద్రాసు గురించి నిజాయితీగా చెప్పాల్సింది భాష. క్లాసు ఇంగ్లీషులో జరుగుతుంది, షూటింగ్ తమిళంలో జరుగుతుంది. గ్రూప్ ప్రాజెక్టులో స్క్రిప్టు తమిళంలో రాస్తారు. సత్యవేడు, నగరి పిల్లలు ఇంటి పక్కవాళ్ళతో తమిళం మాట్లాడుతూ పెరిగారు కాబట్టి నెలలో కలిసిపోతారు. మదనపల్లె వైపు పిల్లలకి ఒక సంవత్సరం పడుతుంది. ఆ సంవత్సరం వాళ్ళకి లైటింగ్ పని ఇస్తారు, రచన ఇవ్వరు. అది నష్టమే అనుకోకండి, కానీ తెలిసి వెళ్ళండి. రెండు భాషల్లో పని చేయగలిగితే తర్వాత జీవితాంతం పని దొరుకుతుంది. తెలుగు, తమిళం రెండూ విని అర్థమయ్యే ఎడిటర్ కోసం నేనే ఏడాదిలో నాలుగైదుసార్లు వెతుక్కుంటాను. ఇంకో సంగతి, ఫీజు. పక్క రాష్ట్రంలో చేరితే మన రాష్ట్రం ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందన్న ఆశ పెట్టుకోకుండా మొత్తం మీ జేబులోంచే అన్నట్టు లెక్క వేసుకోండి.

హైదరాబాద్ విషయంలో ఒక పాత లెక్క మారింది, చాలా ఇళ్ళలో ఇంకా తెలియదు. ఎస్వీ యూనివర్సిటీ పుట్టిన 1954లోనే ఉస్మానియాలో జర్నలిజం విభాగం మొదలైంది. మా ముందు తరం వాళ్ళు అక్కడికే పోయేవాళ్ళు. విభజన చట్టం ఇచ్చిన పదేళ్ళ ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో అయిపోయింది. కాబట్టి తెలంగాణ రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు గురించి మామయ్య చెప్పిన మాట నమ్మి కూర్చోవద్దు. కేంద్ర సంస్థలకి ఈ చిక్కు లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ ఎం.ఎ. ఉంది, ప్రవేశం జాతీయ పరీక్ష సీయూఈటీ పీజీ ద్వారా. క్యాంపస్‌లో బోల్ హైదరాబాద్ అని 90.4 ఎఫ్ఎం కమ్యూనిటీ రేడియో నడుస్తుంది. ఇంగ్లీషు జర్నలిజం మీద మనసుంటే ఇఫ్లూ, అంటే హైదరాబాద్‌లోనే ఉన్న ఇంగ్లీషు, విదేశీ భాషల కేంద్ర యూనివర్సిటీ. ఫీజులు ప్రైవేటు కాలేజీల పక్కన పెట్టి చూస్తే చాలా తక్కువ. ఏ డిగ్రీ చదివిన పిల్లలైనా ఒక సంవత్సరం కష్టపడి సెంట్రల్ యూనివర్సిటీ పరీక్ష రాయడం, నా దృష్టిలో, మధ్యతరగతి ఇంటికి అన్నిటికంటే మంచి బేరం. దేశం నలుమూలల పిల్లలు ఒక టేబుల్ చుట్టూ కూర్చుని మీ పని మీద మాట్లాడతారు. అది తిరుపతిలో దొరకదు.

ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) గురించి అడిగేవాళ్ళకి ఒక చిన్న మాట. 1965లో ఢిల్లీలో మొదలైన ఆ సంస్థకి అమరావతి క్యాంపస్ ఉందని విని మన అమరావతి అనుకుంటారు. అది మహారాష్ట్రలోది.

సినిమానే కావాలి, వేరే మాట లేదు అనే పిల్లలకి పూణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1960 నుంచి. కలకత్తాలో సత్యజిత్ రే పేరుతో ఇంకొకటి. డైరెక్షన్, కెమెరా, ఎడిటింగ్, సౌండ్ దేనికదే ప్రత్యేకం. ముఖ్యమైన కోర్సులకి డిగ్రీ అయ్యాకే రావాలి, సీట్లు చాలా తక్కువ. పూణెలో సౌండ్ విభాగానికి ఇంటర్‌లో ఫిజిక్స్ అడుగుతూ వచ్చారు. అందుకని ఎంపీసీ చదివి "ఇది నాకు పనికిరాదు" అని బాధపడే పిల్లలు తొందరపడొద్దు. సౌండ్ తెలిసినవాళ్ళు మన దగ్గర మరీ తక్కువ. కెమెరా పట్టుకుంటామని పది మంది వస్తారు, మైకు పట్టుకుంటామని ఒక్కరూ రారు. హైదరాబాద్‌లో 2011లో మొదలైన అన్నపూర్ణ లాంటి ప్రైవేటు ఫిల్మ్ స్కూళ్ళూ ఉన్నాయి. అక్కడ పరికరాలు, స్టూడియో దగ్గర్లో ఉండటం పెద్ద సదుపాయమే. కానీ పొలం తాకట్టు పెట్టి మాత్రం పంపకండి. ఈ పనిలో మొదటి మూడు నాలుగేళ్ళు జీతం సరిగా ఉండదు, ఆ సమయంలోనే వాయిదాలు మొదలవుతాయి.

తెలుగు పత్రికలో పని చేయాలన్నదే కోరికైతే యూనివర్సిటీ కంటే దగ్గరి దారి ఉంది. ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి వాళ్ళకి సొంత జర్నలిజం స్కూళ్ళున్నాయి. ప్రకటన పేపర్లోనే పడుతుంది. పరీక్షలో తెలుగు, అనువాదం, వర్తమాన వ్యవహారాలు గట్టిగా చూస్తారు. శిక్షణ కాలంలో ఎదురు డబ్బులు ఇచ్చే పద్ధతీ ఉంది. మీరు రాసిన వార్త ఎర్ర గీతలతో తిరిగొస్తుంది, రోజూ. నేను చెప్పిన కొలతకి ఇంతకంటే సరిగ్గా తూగేది లేదు. శిక్షణ తర్వాత ఇన్నేళ్ళు ఇక్కడే పనిచేస్తాం అని ఒప్పందం ఏదైనా ఉంటే చదివి సంతకం పెట్టండి. ఇప్పటికే ఉద్యోగంలో ఉండి డిగ్రీ కాగితం మాత్రమే కావాల్సినవాళ్ళకి దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నో జర్నలిజం ఎం.ఎ. చాలు. దానితో చేతిపని వస్తుందనుకోవద్దు.

ఏ కాలేజీ అయినా సరే, డబ్బు కట్టేముందు ఒక రోజు పెట్టుకుని వెళ్ళి చూడండి. ప్రిన్సిపాల్ గదిలో కూర్చోవద్దు. కెమెరాలు ఇచ్చి తీసుకునే రిజిస్టర్ చూపించమని అడగండి. అందులో పోయిన నెల తేదీలు, పిల్లల సంతకాలు వరసగా ఉంటే ఆ కాలేజీలో కెమెరాలు బయటికొస్తున్నట్టు. శని, ఆదివారాలు ఇస్తారా అనేది కూడా అందులోనే తెలుస్తుంది. తర్వాత ఎడిటింగ్ ల్యాబ్‌లో చివరి సంవత్సరం పిల్లల్ని పలకరించండి. "నీ ప్రాజెక్టు మొదటిసారి ఎడిట్ చేసిన కట్ ఉందా, చివరి కట్ ఉందా, రెండూ చూపిస్తావా? మధ్యలో ఎవరేం చెప్పారు?" అని అడగండి. ఒకటే కట్ ఉంటే అక్కడ ఎవరూ ఏమీ చెప్పడం లేదు. పాఠాలు చెప్పేవాళ్ళలో ఎంతమంది బయట పని చేసి వచ్చారో, ఇప్పటికీ చేస్తున్నారో కనుక్కోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా అన్నది నోటిమాటగా కాకుండా ఆఫీసులో కాగితం మీద చూపించమనండి.

మొదటి సంవత్సరంలో కెమెరా కొనకండి. చాలామంది తండ్రులు ప్రేమకొద్దీ అప్పు చేసి కొనిస్తారు, రెండేళ్ళకి అది పాతదైపోతుంది. ఆ డబ్బులో కొంత పెట్టి పదహారు జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్, ఒక మంచి కాలర్ మైకు, రెండు హార్డ్ డిస్కులు కొనివ్వండి. రెండు ఎందుకంటే ఫుటేజ్ ఒకచోటే దాచిన ప్రతివాడూ ఏదో ఒకరోజు ఏడుస్తాడు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో నేర్చుకోవాల్సింది మూడేళ్ళకి సరిపడా ఉంది. ట్యూబ్‌లైటు కింద తీసినప్పుడు వీడియోలో గీతలు పాకుతున్నాయంటే మన కరెంటు 50 సైకిళ్ళది, కెమెరాలో షటర్ స్పీడు 1/50 మీదో 1/100 మీదో పెట్టాలి. కాలేజీలో చేరకముందే ఇంట్లో ఇలాంటివి పది నేర్చుకుని వెళ్ళే పిల్లలకి మాస్టర్లు ఎక్కువ సమయం ఇస్తారు, అది నేను చూసిన సంగతి.

మా అక్క కూతురు మొన్న వాళ్ళ నాయనతో కలిసి మద్రాసులో రెండు కాలేజీలు చూసొచ్చింది. మొదటిదాంట్లో స్టూడియో అద్దంలా ఉందట, లైట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదట. రెండోదాంట్లో గది చిన్నది, ఏసీ పనిచేయడం లేదు. మూడో సంవత్సరం అమ్మాయి ఒకరు తన ప్రాజెక్టు తెరిచి చూపించిందట. టైమ్‌లైన్ నిండా ఎర్ర గుర్తులు, ఒక్కో గుర్తు మీద మేడం రాసిన ఒక్కో మాట. మా పిల్ల కూర్చుని లెక్కపెట్టిందట, ముప్పై ఒకటి ఉన్నాయి. రాత్రి పదిన్నరకి మా బావ ఫోన్ చేసి, "ఆ ఏసీ లేని దాంట్లోనే చేరతానంటోంది, ఏమంటావు?" అన్నాడు. హాస్టల్ ఎంతో అడిగాను. చెప్పాడు. ఇద్దరం కాసేపు లెక్కలు వేసుకున్నాం. పొద్దున్నే అప్లికేషన్ ఫీజు కట్టిన రశీదు వాట్సాప్‌లో వచ్చింది.